మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ రిపేరు: పని మూడు రోజులు, పంచాయితీ 71 రోజులు

ముందే చెప్పేస్తా, పని చేసినవాళ్లకి నాలుగు స్టార్లు. ఐదోది ఎందుకు కోసేశానో తర్వాత చెబుతాను. తిరుపతిలో పాత లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ వాళ్లెవరైనా దీన్ని చదువుతుంటే కాస్త ఓపిక పట్టండి, లిఫ్ట్ సంగతి కంటే దాన్ని బాగుచేయనివ్వని మనుషుల సంగతే ఇందులో ఎక్కువ ఉంటుంది. ఏం చేయమంటారు, జరిగింది అట్లాంటిది.

మాది ఎయిర్ బైపాస్ రోడ్డు నుంచి నాలుగు సందులు లోపలికి. గ్రౌండ్ కాకుండా నాలుగు ఫ్లోర్లు, ఫ్లోరుకి నాలుగు, మొత్తం 20 ఫ్లాట్లు. మేం పైన నాలుగో ఫ్లోరులో ఉంటాం, కిటికీ తెరిస్తే కొండ కనిపిస్తుందని మురిసిపోయి కొన్నాం. లిఫ్ట్ బిల్డర్ పెట్టిందే, ఆరుగురు ఎక్కేది, 408 కిలోలు, ఇనుప కలాప్సిబుల్ గేటు. ఫిబ్రవరి చివర్లో ఒకరోజు రెండో ఫ్లోరుకీ మూడో ఫ్లోరుకీ మధ్యన ఆగిపోయింది. పాత ఏఎంసీ (ఏటా డబ్బు కట్టి చేయించుకునే మెయింటెనెన్స్) కంపెనీ అబ్బాయి వచ్చి చూసి, ప్యానెల్‌లో కార్డు కాలిపోయింది, ఆ మోడల్ కార్డు ఇప్పుడు దొరకదు, ప్యానెల్ మొత్తం మార్చాల్సిందే అని చెప్పి పోయాడు. ఆ తర్వాత ఆ కంపెనీ ఫోన్ ఎత్తితే ఒట్టు.

సరే, మారిస్తే పోయె కదా అనుకుంటారు మీరు. మా ప్రెసిడెంట్ ముందు వైపు ఫ్లాట్లాయన, సెక్రటరీ వెనక వైపు ఫ్లాట్లాయన. ముందు పది, వెనక పది, ఏ మీటింగు పెట్టినా పదికి పది. బయట కూడా ఒకాయనది ఒక పార్టీ, ఇంకొకాయనది ఇంకో పార్టీ. ఏది ఎవరిదో చెప్పను, చెబితే ఈ రివ్యూ కింద జరిగే గొడవలో లిఫ్ట్ గురించి ఒక్కరూ మాట్లాడరు. అసోసియేషన్ బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలూ ఉండాలి. ఒకరు డబ్బు తినకుండా ఇంకొకరు చూసుకుంటారని అప్పట్లో మేమే పెట్టుకున్న రూలు. మంచి రూలే, దాంతోనే మా చేతులు మేమే కట్టేసుకున్నాం. ప్రెసిడెంట్ తెచ్చిన కొటేషన్ మూడు లక్షల అరవై వేలు. సెక్రటరీ తెచ్చింది మూడు లక్షల పదివేలు. "అందులో కమీషన్ యాడుండాదో నాకు తెలుసులేబ్బా" అని ఈయన, "నువ్వు సంతకం పెట్టే వరకు నేనూ పెట్టను సామీ" అని ఆయన. చెక్కు బుక్కు మాత్రం బీరువాలో క్షేమంగా ఉంది. మధ్యలో గ్రౌండ్ ఫ్లోరు నాలుగిళ్ల వాళ్లు "మేం లిఫ్టే ఎక్కం గదా, మేమెందుకియ్యాల?" అని మూడో పార్టీ పెట్టుకున్నారు.

తిరుపతిలో ఇల్లుంటే మీకు తెలియనిది కాదు, నెలకి రెండుసార్లైనా కొండకొచ్చే చుట్టాలుంటారు. మార్చిలో మా ఆవిడ పెద్దమ్మ కూతురు వాళ్లు కడప నుంచి వచ్చారు, మొక్కు ఉందని అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి, దర్శనం చేసుకుని, గుండ్లతో, లడ్డూ సంచులతో రాత్రి పదిన్నరకి మా గేటు ముందు దిగారు. లిఫ్ట్ పనిచేయట్లేదని చెప్పాను. వాళ్లాయన మెట్ల వైపు చూసి, నా వైపు చూసి, ఒక్క మాట అనకుండా కింద కుర్చీలో కూలబడ్డాడు. "దేవుడికైతే ఎక్కినాను బావా, నీకోసం ఎక్కలేను" అన్నాడు చివరికి.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడికి ఫోన్‌లో ఇదంతా చెబితే ఒకటే నవ్వు. అమెరికా ప్రభుత్వం కూడా 2025 అక్టోబర్ 1 నుంచి ఇట్లాగే మూతబడిందిరా అన్నాడు. ఖర్చుల బిల్లు పాస్ కాలేదు, 43 రోజులు. అంతకుముందు 2018 చివర్లో మొదలై 2019లో ముగిసిన 35 రోజులదే రికార్డు. అక్కడి సెనేట్‌లో సీట్లు వంద, మామూలు మెజారిటీ ఉంటే చాలదు, చాలా బిల్లులకి చర్చ ముగించి ఓటింగు దాకా రావాలన్నా 60 మంది ఒప్పుకోవాలి. మా రెండు సంతకాల రూలే అనుకోండి. విమానాలు దింపే కంట్రోలర్లు జీతాల్లేకుండా పనిచేశారు, నవంబర్‌లో 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలు తగ్గించారు, మావాడి ఫ్లైట్ కూడా రద్దయింది. అప్పుడు గానీ అవతలి పక్షం నుంచి ఎనిమిది మంది ఇటు రాలేదు, 60కి 40తో గండం గడిచింది. అసలు గొడవ ఆరోగ్య బీమా రాయితీల మీద. అది తేలిందా అంటే లేదు. దాన్ని పక్కనపెట్టి తలుపులు తెరిచారు, అంతే. మేం 43 రోజులు ఎప్పుడో దాటేశామురా అన్నాను వాడితో, కాస్త గర్వంగానే.

మన రాష్ట్రంలో ఆ బాధే లేదు అంటాడు మా ఎదురింటాయన. నిజమే, 2019లో 175 అసెంబ్లీ సీట్లకి ఒకే పార్టీకి 151, 2024లో కూటమికి 164, ఎవడి సంతకంతో పనేముంది? 2020లో మూడు రాజధానుల బిల్లులు శాసనమండలిలో ఆగితే మండలినే రద్దు చేద్దామని తీర్మానం చేశారు. ఆ తర్వాత బిల్లులు చట్టాలూ అయ్యాయి, 2021 నవంబర్‌లో వాటిని ఆ ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది. అమరావతికి 2015 అక్టోబర్‌లో శంకుస్థాపన, మళ్లీ 2025 మేలో పనుల పునఃప్రారంభం, రెండుసార్లూ వచ్చింది ప్రధాని మోదీయే. నాకేమనిపిస్తుందంటే, అమెరికాలో పని సభలో ఆగుతుంది, మన దగ్గర ఎన్నికల్లో ఆగుతుంది. ఆగడం మాత్రం ఒకటే. మన ఊళ్లో ఒక్కటి తప్పించుకుంది. గరుడ వారధి అని ఒక ప్రభుత్వంలో మొదలుపెట్టిన ఫ్లైఓవర్ ఇంకో ప్రభుత్వంలో శ్రీనివాస సేతు అయ్యి 2023 సెప్టెంబర్‌లో పూర్తిగా తెరుచుకుంది. పేరు మార్చారని అప్పట్లో నేనూ తిట్టుకున్నాను. ఇప్పుడు రోజూ దాని మీదే పోతున్నా, పేరు మారిస్తే మారింది, స్తంభాలు మొండిగా నిలబడిపోలేదు గదా.

సరే లిఫ్ట్‌కి వస్తాను.

మే మొదటి వారంలో మూడో ఫ్లోరు అవ్వకి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యి ఆసుపత్రి నుంచి తీసుకొచ్చారు. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. అంబులెన్స్ అబ్బాయి లిఫ్ట్ చూసి "మెట్లయితే నావల్ల కాదన్నా" అనేశాడు. నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి దుప్పటి చుట్టి కట్టి, నలుగురం పట్టుకున్నాం. ముందు కాళ్లు నేను, ప్రెసిడెంట్ వాళ్ల అబ్బాయి. వెనక ప్రెసిడెంట్, సెక్రటరీ. ఎందుకంటే ఆ సమయానికి ఇంట్లో ఉన్న మగవాళ్లం మేమే. మొదటి ఫ్లోరు మలుపు దగ్గర కుర్చీ ఒక పక్కకి ఒరిగింది, అవ్వ కళ్లు మూసుకుని గోవిందా గోవిందా అంటోంది, సెక్రటరీ చొక్కా వీపుకి అతుక్కుపోయింది. రెండో ఫ్లోరులో దించి ఊపిరి తీసుకుంటుంటే అవ్వ కళ్లు తెరిచి ఇద్దరినీ చూసి, "మీ ఇద్దురూ ఇట్ల ఒగ చోట నిలబడంగా ఎన్నాళ్లకి చూసినాను నాయనా" అంది. ఎగతాళికి అనలేదు, మామూలుగానే అంది. ప్రెసిడెంట్ కండువాతో ముఖం తుడుచుకుని, "మూడో కొటేషన్ తెప్పిద్దాం, నీదీ వద్దు నాదీ వద్దు" అన్నాడు. ఆయన "సరే" అన్నాడు. మా మొత్తం చర్చలు అంతే, 71వ రోజున, మెట్ల మీద.

ఈ మూడో వాళ్లే నేను రివ్యూ రాస్తున్నవాళ్లు. రేణిగుంట రోడ్డు వైపు నుంచి నడిపే చిన్న యూనిట్, ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లు. కొత్త ప్యానెల్, రోపులు, గేటు స్విచ్చులు, కరెంటు పోతే దగ్గరి ఫ్లోరుకి తీసుకెళ్లే ఏఆర్‌డీ, బ్యాటరీలతో సహా రెండు లక్షల నలభై వేలు అన్నారు. 18 శాతం జీఎస్టీ కలిపితే 2,83,200. "బిల్లు వద్దంటే ఆ 43 వేలు మిగులుతాయి సార్" అని మేస్త్రీ చెవిలో అన్నాడు. ఐదో స్టారు సగం అక్కడ పోయింది. బిల్లు లేకపోతే రేపు వారంటీ ఎవడిని అడగాలి?

ఆ జీఎస్టీ కూడా ఇట్లా మెట్ల మీద కుదిరిందే, నా లెక్కలో. అధికారంలో ఉన్నప్పుడు కావాలన్నవాళ్లే ప్రతిపక్షంలోకి పోయాక అడ్డం పడ్డారు, రెండు పెద్ద పార్టీలూ వంతులవారీగా ఆ పని చేశాయి. చివరికి 2016 ఆగస్టులో రాజ్యసభలో వ్యతిరేకంగా ఒక్క ఓటు పడకుండా దానికి కావాల్సిన రాజ్యాంగ సవరణ పాసైంది. అందరికీ ఒక్కసారిగా బుద్ధొచ్చిందని కాదు. ఆదాయం తగ్గే రాష్ట్రాలకి ఐదేళ్లు పరిహారం ఇస్తామని, ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన ఇస్తామని రాసిచ్చారు. జీఎస్టీ కౌన్సిల్‌లో కేంద్రానికి మూడో వంతు ఓటు, రాష్ట్రాలకి రెండు వంతులు, నాలుగింట మూడు వంతుల మద్దతు ఉంటేగానీ ఏదీ నెగ్గదు. అంటే కేంద్రం ఒక్కటే ఏమీ చేయలేదు, కేంద్రం లేకుండా రాష్ట్రాలూ చేయలేవు. మొదటిసారి ఓటింగు దాకా పోయింది 2019 డిసెంబర్‌లో, అదీ లాటరీల మీద. అప్పటిదాకా మాట్లాడుకునే తేల్చుకున్నారు.

మేం చేసిందీ అదే. గ్రౌండ్ ఫ్లోరు వాళ్లకి నీతులు చెబితే లాభం లేదని సగం వాటా అన్నాం, టెర్రస్ మీదకి బట్టలారేయడానికి, ట్యాంకు చూడడానికి వాళ్లూ వస్తారు గదా. 16 ఇళ్లకి 15,733 చొప్పున, నాలుగిళ్లకి 7,867 చొప్పున. కూడితే నాలుగు రూపాయలు తక్కువొస్తుంది, ఆ నాలుగు రూపాయలు ఎవరు వేశారో ఇప్పటికీ తెలియదు, దాని మీద మాత్రం ఎవరూ మీటింగు పెట్టలేదు.

ఇంకో రకం ఒప్పందం కూడా ఉంటుంది, దాన్ని నేను నమ్మను. మహిళా రిజర్వేషన్ బిల్లు 1996లో మొదట పెట్టారు, 2023 సెప్టెంబర్‌లో లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరే కాదన్నారు. చప్పట్లు కొట్టాం. కానీ అమలు జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అని అందులోనే రాశారు. మా అసోసియేషన్ కూడా బిల్డింగుకి పెయింటింగ్ విషయంలో ఏకగ్రీవంగానే ఉంది, "వచ్చే సంవత్సరం" అని మూడేళ్లుగా. ఈ రోజు ఎవరి జేబులోంచీ పోనప్పుడు కుదిరే స్నేహానికి నేను మార్కులు వేయను.

పని గురించి. మొదటిరోజు పాత రోపు దింపి నేల మీద పరిచి చూపించారు, తీగలు అక్కడక్కడా తెగి ముళ్లలాగా పైకి లేచి ఉన్నాయి, ఇన్నాళ్లూ దాని మీదే వేలాడామని తెలిసి మా ఆవిడ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. రెండో రోజు ప్యానెల్, వైరింగు. మూడో రోజు సాయంత్రం ఏఆర్‌డీ టెస్టు. మేస్త్రీ కావాలనే చేశాడో ఏమో, ప్రెసిడెంట్‌నీ సెక్రటరీనీ లోపల నిలబెట్టి, రెండు ఫ్లోర్ల మధ్యన ఉండగా మెయిన్ కట్టేయించాడు. లోపల చిన్న ఎమర్జెన్సీ లైటు వెలిగింది. గేటు కంతల్లోంచి ఇద్దరి కాళ్లూ కనిపిస్తున్నాయి, ఒక జత హవాయి, ఒక జత తోలు చెప్పులు, రెండూ గోడల వైపు తిరిగి ఉన్నాయి. అర నిమిషం పట్టిందేమో, నెమ్మదిగా కిందికి జరిగి మొదటి ఫ్లోరు దగ్గర ఆగింది. ఈయన గేటు లాగాడు, ఆయన ముందు దిగాడు. మర్నాడు పూజకి టెంకాయలు మాత్రం రెండు. ఒకటి ఈయన కొట్టాడు, ఒకటి ఆయన. చెక్కు మీద ఎవరి సంతకం ముందు అని మాత్రం అడక్కండి.

ఇప్పుడు ఇద్దరూ కలిసిపోయారా అంటే అబ్బే. విజిటర్స్ పార్కింగు గొడవ అట్లాగే ఉంది, సీసీ కెమెరాల మీద పదికి పది అట్లాగే ఉంది, లిఫ్ట్‌లో ఎదురుపడితే ఇద్దరూ ఫ్లోరు నంబర్ల వైపు చూస్తారు. లిఫ్ట్ మాత్రం తిరుగుతోంది, అవ్వ సాయంత్రం వాకర్‌తో కిందికొచ్చి కూర్చుంటోంది.

ఐదో స్టారులో మిగతా సగం లోపలి ఫ్యాను వల్ల పోయింది. కొత్తదే, కానీ పిండిమరలాగా మోత. ఒక ఏడాది సర్వీసు ఉచితం అన్నారు, ఫోన్ ఎత్తుతారు కూడా, ఆ విషయంలో వంక పెట్టలేను. నిన్న నేనే చేస్తే మేస్త్రీ విసుక్కున్నాడు. "సార్, మీ ఫ్యాను గురించి పొద్దున్నుంచి మీది మూడో ఫోను. ముందు మీ ప్రెసిడెంట్ చేసినాడు, పది నిమిషాలకి సెక్రటరీ చేసినాడు. ఒకరు చేసింది ఒకరికి చెప్పుకోరా మీరు?"