పెళ్లికూతురి ముఖానికి ఎవరి పాఠం మేలు: హుడా కట్టన్‌దా, బాబీ బ్రౌన్‌దా?

మా పిన్ని కూతురి పెళ్లికి మేకప్ నేనే వేశాను. విశాఖ ఎంవీపీ కాలనీలో మండపం, మే నెల, రాత్రి పదకొండు దాటాక ముహూర్తం. అప్పట్లో నాకు దుబాయ్ మేకప్ ఆర్టిస్టు హుడా కట్టన్ వీడియోలంటే ప్రాణం. ఆవిడ చూపించినట్టే కళ్ల కింద లూజ్ పౌడర్ దట్టంగా అద్ది, పది నిమిషాలు ఉంచి దులిపాను. దాన్నే బేకింగ్ అంటారు. అద్దంలో ముఖం పట్టుబట్టలా ఉంది. జీలకర్ర బెల్లం అయ్యేసరికి చెమటకి ముక్కు పక్కన పౌడర్ తడిసి చారలు కట్టింది. "ఏటే, పిల్ల ముఖం సున్నం గోడలా బీటలు తీసింది" అని మా మేనత్త చెవిలో చెప్పింది. తలంబ్రాల్లోగా టిష్యూతో అద్ది అద్ది సర్దాను.

హుడా మీద అభిమానం మాత్రం తగ్గలేదు. ఇరాకీ తల్లిదండ్రులకి అమెరికాలో పుట్టిన ఆ అమ్మాయి 2010లో బ్లాగు మొదలుపెట్టి, 2013లో దుబాయ్‌లో తన పేరుతో కృత్రిమ కనురెప్ప వెంట్రుకలు అమ్మింది. కళ్ల పనిలో ఆవిడ తర్వాతే ఎవరైనా. మన పెళ్లికూతురికి బాసికం కట్టాక నుదురు సగం మూసుకుపోతుంది, ఇక వెనక వరసలో కూర్చున్నవాళ్లకి కనబడేది కళ్లే. ఐలైనర్ తోక ఎక్కడ ఆపాలో, రెప్ప ఎక్కడినుంచి అంటించాలో నా చేతికి వచ్చింది ఆవిడ వల్లే.

చర్మం సంగతికొస్తే నా ఓటు అమెరికా మేకప్ ఆర్టిస్టు బాబీ బ్రౌన్‌కి. 1991లో న్యూయార్క్‌లో పది లిప్‌స్టిక్‌లతో తన పేరు మీద బ్రాండ్ మొదలుపెట్టింది. ఫౌండేషన్లు గులాబీ ఛాయలో వచ్చే రోజుల్లో పసుపు ఛాయవి తెచ్చింది. ఇది మనకెంత ముఖ్యమో! చామనఛాయ మీద గులాబీ ఫౌండేషన్ వేస్తే బూడిద పూసినట్టుంటుంది. షేడ్ దవడ దగ్గర రాసి, పగటి వెలుతురులో చూడమంటుంది. ట్యూబులైటు కింద చూసి కొన్న సీసాలు నా దగ్గర రెండు వృథాగా పడున్నాయి. నేను చేర్చుకున్న జాగ్రత్త ఇంకొకటి: నలుగు పెట్టాక ముఖానికి పసుపు ఛాయ మిగులుతుంది కాబట్టి ముందే ఎంచిన షేడ్‌ని ఆ పొద్దున మళ్లీ చూసుకోవాలి. 63వ ఏట, 2020లో, జోన్స్ రోడ్ అని కొత్త బ్రాండ్ పెట్టి, ముడతలున్న తన ముఖం మీదే వేసి చూపిస్తోంది. ఆ ధైర్యానికి దండం పెట్టాలి. ఆవిడ మెరుపు బామ్ మాత్రం విశాఖ ఉక్కలో నూనె రాసుకున్నట్టే, వద్దు.

ధరలు ఇద్దరివీ బరువే. పాఠం వాళ్లది, సరుకు జగదాంబ సెంటర్ షాపుల్లో దొరికేది తీసుకున్నా పని జరుగుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒక్కరినే పట్టుకోవాలంటే బాబీని పట్టుకోండి. కళ్లు తర్వాత హుడా దగ్గర నేర్చుకోవచ్చు. మొన్న వైశాఖంలో సింహాచలం కొండ మీద పెళ్లికి అలాగే చేశాను. పల్చటి ఫౌండేషన్, పౌడర్ ముక్కు మీదా నుదుటి మీదా మాత్రమే, చెమటకి కరగని ఐలైనర్. అప్పగింతల్లో పిల్ల వాళ్ల నాన్నని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ముఖం తుడిచాక కూడా ఐలైనర్ తోక చెక్కుచెదరలేదు.