.315 రైఫిల్ సేఫ్టీ మీట: మంచె మీద రెండు యాసంగుల అనుభవం

అచ్చంపేట నుండి దేవరకొండ దాకా, డిండికి అటూ ఇటూ ఉన్న చెలకల్లో పల్లి వేసిన రైతుకు కాయ ఊరే రోజుల్లో రాత్రి నిద్ర ఉండదు. అడవి పందుల గుంపు ఒక్కసారి చేనులో దిగిందంటే తినేదానికంటే మూతితో తవ్విపోసేదే ఎక్కువ. పంట పాడుచేస్తున్న పందులను కాల్చడానికి అటవీ శాఖ ఇచ్చిన రాతపూర్వక అనుమతి మీద, ఆ పనికి పిలిచిన లైసెన్సుదారుల్లో ఒకడిగా, గత రెండు యాసంగులు నేను మంచెల మీద కూర్చున్నాను. నా దగ్గర ఉన్నది లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి బోల్టుతో (తూటాను గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) మన దేశంలోనే తయారైన .315 స్పోర్టింగ్ రైఫిల్. దాని గురి గురించీ, దెబ్బ గురించీ చెప్పేవారు చాలామంది ఉన్నారు గాని, ఎడమ పక్కన చిన్నగా కనిపించే, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట గురించి వివరంగా చెప్పినవారు నాకు తారసపడలేదు. అందుకే ఈ సమీక్షను ఆ మీటకే పరిమితం చేస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా కోసం వేటాడటం నేరం. మనుషుల ప్రాణానికి గాని, చేనులో ఉన్న పంటతో సహా ఆస్తికి గాని ముప్పు తెచ్చే జంతువు విషయంలో, సెక్షన్ 11 కింద కారణాలు చూపుతూ అధికారి ఉత్తర్వు ఇస్తే తప్ప తుపాకీ ఎత్తకూడదు. అలా కాల్చిన జంతువు కూడా సెక్షన్ 39 ప్రకారం ప్రభుత్వ సొత్తే అవుతుంది. ఇక్కడ నేను రాసేదంతా ఆ హద్దు లోపలి పనికి సంబంధించినదే.

ఈ రైఫిల్‌కు మూలమైన సైనిక రైఫిల్ ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్ల నాటిది. దాని .303 కొలత (అంగుళాల్లో గొట్టం లోపలి వ్యాసం) మన దేశంలో సామాన్య పౌరులకు నిషిద్ధం కాబట్టి, పౌరుల కోసం అదే పద్ధతి బోల్టుతో .315 కొలతలో తయారు చేశారు. సేఫ్టీ అమరిక మాత్రం పాతదే. మీటను వెనక్కి తిప్పితే సేఫ్టీ పడుతుంది, ముందుకు తిప్పితే తొలగుతుంది. నాకు ఇందులో బాగా నచ్చిన గుణం, ఇది ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపి ఊరుకోకపోవడం. మీట వెనక్కి తిరిగినప్పుడు బోల్టు వెనుక బయటికి కనిపించే కాకింగ్ పీసును (తూటాను పేల్చే సూదికి వెనుక ఉండే ముక్క) పట్టి, వెంట్రుకవాసి వెనక్కి లాగి, అక్కడే బిగిస్తుంది; దాంతోపాటు బోల్టు పైకి లేవకుండా కూడా ఆపుతుంది. చాలా పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తుపాకుల్లో సేఫ్టీ ట్రిగ్గర్లను మాత్రమే ఆపుతుంది. లోపలి సుత్తులు బిగిసి, దెబ్బకు సిద్ధంగానే ఉంటాయి. తుపాకీ చేజారి పడినప్పుడు ఈ తేడా ఎంత పెద్దదో తెలుస్తుంది. పైగా కాకింగ్ పీసు బయటికే ఉంటుంది కాబట్టి, రైఫిల్ బిగించి ఉందా లేదా అన్నది చీకట్లో సైతం బొటనవేలితో తడిమి తెలుసుకోవచ్చు.

ఇక అందరూ చెప్పే ఫిర్యాదు చప్పుడు. మీటను బొటనవేలితో ఒక్క తోపు తోస్తే స్ప్రింగు దానిని చివరి గుంతలోకి కొడుతుంది, అప్పుడు టక్కుమని ఇనుప చప్పుడు వస్తుంది. పగటి పూట రేంజిలో అది వినిపించనే వినిపించదు. పుష్యమాసపు రాత్రి, గాలి ఆగి, మంచు దిగుతున్న వేళ, ఆ ఒక్క చప్పుడుకే యాభై గజాల దూరంలో ఉన్న పంది తల ఎత్తుతుంది, మరుక్షణం గుంపు మొత్తం కంప చెట్లలోకి దూరిపోతుంది. ఈ భయంతోనే చాలామంది మంచె ఎక్కి తూటా నింపగానే సేఫ్టీ తీసేసి, తెల్లవార్లూ అలాగే ఉంచుకుంటారు. ఈ అలవాటుకు రైఫిల్‌ను తప్పు పట్టడం న్యాయం కాదన్నది నా గట్టి అభిప్రాయం. ఇంత మెల్లగా, ఇంత నిశ్శబ్దంగా జరపగలిగిన మీట మరొకటి నేను చూడలేదు. నేర్చుకునే ఓపిక ఉంటే చాలు.

నేను నేర్చుకున్న పద్ధతి ఇది. మంచె ముందరి వాసానికి మడిచిన గొంగడి వేసి, రైఫిల్ ముందు భాగాన్ని దాని మీద ఆనిస్తాను. బట్ (రైఫిల్ వెనుక చెక్క) భుజానికి ఆనిన తరువాత, కుడి చూపుడు వేలు ట్రిగ్గర్ గార్డు బయట చెక్కకు ఆనుకొని చాచి ఉండగా, ఎడమ చేతిని వెనక్కి తెచ్చి మీటను బొటనవేలు, చూపుడు వేలు మధ్య చిటికెతో పట్టుకుంటాను. తోయకుండా, బరువు దించినట్టుగా, స్ప్రింగు లాగుతున్నా వేళ్లు వదలకుండా ముందుకు దించితే, చివరి గుంతలో మీట కూర్చున్న సంగతి చెవికి కాక వేళ్లకు మాత్రమే తెలుస్తుంది. వెనక్కి తెచ్చేటప్పుడూ ఇదే పద్ధతి. కాల్చే అవకాశం తప్పిపోతే సేఫ్టీని తిరిగి పెట్టడం, తీయడం కన్నా ముఖ్యమైనది, జనం ఎక్కువగా మరచిపోయేదీ అదే. తూటాలను వేరే గదిలో పెట్టి, డమ్మీ తూటాతో, గొట్టాన్ని మట్టి గోడ వైపు ఉంచి, రోజూ సాయంత్రం పావుగంట చొప్పున నెల రోజులు సాధన చేశాక నాకు ఇది పట్టుబడింది. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి కాబట్టి ఆ సాధనలో కొంత చేతి తొడుగులతోనూ చేయాలి.

గత యాసంగిలో ఒక రాత్రి జరిగినది చెబితే ఈ పట్టింపు ఎందుకో అర్థమవుతుంది. రెండు గంటలు దాటి ఉంటుంది. ముందు రోజు పందులు దిగిన మూలలోనే పల్లి ఆకు గలగలమంది, వంగిన నల్లటి ఆకారం ఒకటి గట్టు వెంబడి మెల్లగా కదిలింది. నా పక్కన ఉన్న రైతు ఊపిరి బిగపట్టాడు. రైఫిల్ వాసం మీదే ఉంది, గొట్టం చేను నడుమ నేల వైపు ఉంది, సేఫ్టీ వెనక్కే ఉంది. నేను దాన్ని తాకలేదు. రైతు టార్చి వేసి "ఎవలది?" అని కేక పెట్టాడు. నెత్తి మీద గొంగడి, చేతిలో పార పట్టుకున్న పక్క చేను మనిషి లేచి నిలబడి, "నేనే కాకా, నీళ్లు మళ్లిద్దామని వచ్చిన" అన్నాడు. మా మధ్య దూరం నలభై అడుగులు కూడా లేదు. ఆ తరువాత చాలాసేపు నా చేతులు వణికాయి. ఆ రోజు నుండి మంచె ఎక్కే ముందు చుట్టుపక్కల చేన్ల వారందరికీ, బోరు మోటార్ల దగ్గరికి రాత్రి వచ్చేవారికి ప్రత్యేకంగా, ఇల్లిల్లూ తిరిగి చెప్పించనిదే నేను తూటా నింపడం లేదు. ఆకారాన్ని రైఫిల్ గురిలోంచి చూసి గుర్తుపట్టాలని ఎన్నడూ ప్రయత్నించను. టార్చి వెలుగులో మూతి, చెవులు, మొత్తం ఒళ్లు కనిపించి, దాని వెనుక మట్టి తప్ప మరేమీ లేదని తేలాకే చెయ్యి మీట దగ్గరికి వెళ్తుంది.

ఈ సేఫ్టీలో ఒక లోపం ఉన్న మాట నిజం. బోల్టును కూడా బిగిస్తుంది కాబట్టి, తూటా తీయాలంటే ముందు సేఫ్టీ తీయక తప్పదు. మౌజర్ పద్ధతి మూడు స్థానాల సేఫ్టీలో మీటను నడుమ నిలిపితే, కాల్పు ఆగి ఉండగానే బోల్టు తెరవవచ్చు; ఆ వెసులుబాటు ఇందులో లేదు. అందుకే తెల్లవారుజామున నిద్రమత్తులో, మంచె దిగే తొందరలో ఉన్నప్పుడే అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. నేను మంచె మీదే కూర్చొని, గొట్టాన్ని కిందనున్న మెత్తటి దుక్కి వైపు పెట్టి, వేలు బయటే ఉంచి, బోల్టు తెరిచి, గొట్టంలో తూటా కూర్చునే గదిలోకి వేలు పెట్టి ఖాళీ అని తడిమి చూసుకున్నాకే నిచ్చెన మీద కాలు పెడతాను. ఎక్కేటప్పుడూ ఖాళీ రైఫిలే ఎక్కాలి. సేఫ్టీ ఉంది కదా అని తూటాతో నిచ్చెన ఎక్కేవారితో నేను కూర్చోను.

నిర్వహణలో పెద్ద కష్టమేమీ లేదు. మన ఎర్ర దుబ్బ మీట సందులో చేరి, పాత నూనెతో కలిసి ముద్ద కడుతుంది. అప్పుడు మీట గరగరలాడుతూ మధ్యలో ఆగుతుంది. పలుచటి గన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు. కొబ్బరి నూనె చలికి గడ్డకడుతుంది కాబట్టి వాడకూడదు. మొదటి యాసంగి తరువాత హైదరాబాదులో ఒక మరమ్మతు దుకాణానికి తీసుకెళ్తే, చప్పుడు పోవడానికి మీట కూర్చునే గుంతను ఆకురాయితో అరగదీస్తామన్నారు. గుంత అరిగితే మీటకు పట్టు పోతుంది, గొంగడి అంచు తగిలినా దానంతట అది ముందుకు జారుతుంది. నేను ఒప్పుకోక, మరమ్మతు లైసెన్సు ఉన్న మరొక చోట సడలిన స్ప్రింగు మార్పించుకున్నాను. చప్పుడు కొంచెం పెరిగింది, నాకు అదే నయం.

ఈ రకం పాత రైఫిల్ కొనబోయేవారు ఒక పరీక్ష చేయించి చూడాలి. ఖాళీ రైఫిల్ బిగించి, సేఫ్టీ పెట్టి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలి, ఆ తరువాత వేలు తగలకుండా సేఫ్టీ తీయాలి. కాకింగ్ పీసు ముందుకు పడినా, సేఫ్టీ పెట్టిన స్థితిలో అది కొంచెం ముందుకు కదిలినా, లోపలి భాగం అరిగిందని అర్థం; ధర ఎంత తగ్గించినా ఆ రైఫిల్ తీసుకోవద్దు. పరీక్షకు నిలిచినదైతే, నెల రోజుల సాధనకు సిద్ధపడిన మనిషికి నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను.