అమెరికాలో గని ఇంజినీర్ల జీతాలు ఎక్కడ ఎంత: కార్మిక గణాంకాల సేవపై సమీక్ష

మైనింగ్ ఇంజినీరింగ్‌లో ఎంఎస్ చదవడానికి అమెరికా వెళ్లాలనుకునే మన విద్యార్థులు ముందుగా అడిగే ప్రశ్న, ఏ రాష్ట్రంలో ఎంత జీతం వస్తుందన్నదే. ఉద్యోగులు తమ జీతాలను తామే నమోదు చేసే యాప్‌లు ఎన్ని ఉన్నా, వారికి నేను మొదట చూడమని చెప్పేది అమెరికా కార్మిక గణాంకాల సంస్థ ఉచితంగా అందిస్తున్న వృత్తులవారీ ఉపాధి, వేతన గణాంకాల సేవను. దాని అంకెలు నమ్మదగినవే. అయితే గని ఇంజినీర్ల వంటి చిన్న వృత్తి విషయంలో, ఏ ఖనిజం ఎక్కడ తవ్వుతున్నారో తెలియకుండా ఆ సేవలోని రాష్ట్రాలవారీ జీతాల పటాన్ని చూస్తే తప్పుడు నిర్ణయానికి వచ్చే ప్రమాదం ఉంది.

ఈ సేవలోని గొప్పతనం సమాచారాన్ని ఉద్యోగుల నుంచి కాక యాజమాన్యాల నుంచి సేకరించడం. మూడేళ్ల వ్యవధిలో సుమారు 11 లక్షల కార్యస్థలాల నుంచి వివరాలు తీసుకుని, ప్రతి వృత్తికీ సగటు వేతనం, మధ్యగత వేతనం (సగం మంది అంతకంటే ఎక్కువ, సగం మంది తక్కువ పొందేది)తో పాటు అట్టడుగు 10 శాతం నుంచి పై 10 శాతం వరకు జీతాలు ఎలా విస్తరించాయో చూపిస్తుంది. గని, భూగర్భ (జియలాజికల్) ఇంజినీర్లు, గని భద్రతా ఇంజినీర్లు 17-2151 అనే ఒకే సంకేతం కింద వస్తారు. పెట్రోలియం ఇంజినీర్ల లెక్క వేరు. 2024 మే నాటికి ఈ వృత్తిలో దేశవ్యాప్త మధ్యగత వార్షిక వేతనం 1,01,020 డాలర్లు. మూడేళ్ల సమాచారాన్ని కలిపి వేసే లెక్క కాబట్టి, బంగారం ధర ఒక్కసారిగా పెరిగినా ఆ ప్రభావం ఇక్కడ వెంటనే కనిపించదు.

రాష్ట్రాలవారీ పటం దగ్గరే అసలు జాగ్రత్త అవసరం. నెవాడాలో బంగారం, అరిజోనాలో రాగి, వయోమింగ్‌లో, వెస్ట్ వర్జీనియాలో బొగ్గు, అలాస్కాలో జింకు, బంగారం తవ్వుతారు. టెక్సాస్‌లో ఇదే సంకేతం కింద చమురు, సహజవాయువు కంపెనీల్లో పనిచేసే భూగర్భ ఇంజినీర్లు కూడా లెక్కకు వస్తారు. కొలరాడోలోని డెన్వర్ పెద్ద గని కంపెనీల కార్యాలయాలున్న నగరం కనుక, అక్కడి జీతాల్లో గనిలో దిగేవారివే కాక, ప్రణాళికలు వేసే సీనియర్లవి కూడా కలుస్తాయి. అందువల్ల రెండు రాష్ట్రాల మధ్య కనిపించే తేడాలో చాలా భాగం ప్రాంతానిది కాదని, ఖనిజానిదీ హోదాదీ అనుభవానిదీ అని నా అభిప్రాయం. ఈ విషయాన్ని పటం తనంతట తాను చెప్పదు.

గనులు ఎక్కువగా ఉండేది నగరాలకు దూరంగానే అయినా, ఈ సేవ నగరేతర ప్రాంతాలను పెద్ద పెద్ద ముక్కలుగా కలిపేస్తుంది. ఎల్కో చుట్టుపక్కల బంగారు గనుల జీతం తెలుసుకోవాలంటే నెవాడా గ్రామీణ ప్రాంతమంతటికీ ఇచ్చిన అంకెతోనే సరిపెట్టుకోవాలి. వృత్తిలో ఉన్నవారు తక్కువ కావడంతో కొన్నిచోట్ల అంకెలను అసలు విడుదల చేయరు. ఖాళీగా ఉన్న గడిని చూసి అక్కడ ఉద్యోగాలే లేవనుకోకూడదు.

వేతనంలో ఏవి కలుస్తాయన్నది కూడా చూడాలి. మూలవేతనం, ప్రమాదకర పనికి ఇచ్చే భత్యం, ఉత్పత్తి బోనస్ ఇందులో ఉంటాయి. ఓవర్‌టైమ్, రాత్రి షిఫ్టుకు ఇచ్చే అదనపు సొమ్ము, ఉత్పత్తితో సంబంధం లేని బోనస్‌లు ఉండవు. షిఫ్టుల మీద నడిచే గనిలో ఇది చిన్న తేడా కాదు. జీవన వ్యయాన్ని కూడా ఈ సేవ సరిచేసి చూపదు. దానికి అమెరికా ఆర్థిక విశ్లేషణ సంస్థ ప్రచురించే ప్రాంతీయ ధరల సూచికలను పక్కన పెట్టుకోవాలి. నెవాడా, టెక్సాస్, అలాస్కా, వయోమింగ్ రాష్ట్రాల్లో జీతంపై రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మన దేశంలో పరిస్థితి వేరు. కోల్ ఇండియాలో అధికారుల ఈ-2 గ్రేడ్ మూలవేతన శ్రేణి నెలకు 50,000 నుంచి 1,60,000 రూపాయలు; ధన్‌బాద్‌లో చేరినా నాగపూర్‌లో చేరినా శ్రేణి అదే, మారేది అద్దె భత్యం వంటివే. అలాంటి వ్యవస్థకు అలవాటు పడిన మన పిల్లలకు అమెరికాలోని తేడాలు విస్మయం కలిగించడం సహజం. పైగా హెచ్-1బీ దరఖాస్తుకు కావలసిన కనీస వేతనాన్ని అమెరికా కార్మిక శాఖ సాధారణంగా ఈ గణాంకాల ఆధారంగానే, ప్రతి ప్రాంతానికీ అనుభవం, బాధ్యతలను బట్టి నాలుగు స్థాయిల్లో నిర్ణయిస్తుంది. కాబట్టి ఉద్యోగ ప్రతిపాదన చేతికి అందగానే ఉద్యోగం ఉన్న జిల్లాకు (కౌంటీకి) వర్తించే నాలుగు స్థాయిలనూ కార్మిక శాఖ వెబ్‌సైట్‌లోని వేతన శోధనలో చూసి, తమను ఏ స్థాయిలో పెట్టారో యాజమాన్యాన్ని అడగాలి.

వాడకం విషయంలో ఒక్క సూచన. రంగుల పటంతో ఆగిపోకుండా ఎక్సెల్ ఫైలును దించుకోండి. అందులో ప్రతి సగటు పక్కన సాపేక్ష ప్రామాణిక దోషం, అంటే ఆ అంచనా ఎంత శాతం అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, ఉంటుంది. అది పెద్దదిగా ఉన్నచోట రెండు మూడు వేల డాలర్ల తేడాను పట్టించుకుని రాష్ట్రాన్ని ఎంచుకోవద్దు.