కెనడాలో వేటకు సైనిక తరహా కార్బైన్: ఎస్‌కేఎస్ ఎంతవరకు పనికొస్తుంది?

కెనడాలో జింక వేట కోసం సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ కార్బైన్ (ట్రిగ్గర్ లాగిన ప్రతిసారీ ఒక తూటా పేల్చి, తర్వాతిదాన్ని తనే ఎక్కించుకునే పొట్టి రైఫిల్) కొనదలచినవారు దుకాణంలో అడుగుపెట్టేసరికే ఎంపికలో చాలా భాగాన్ని చట్టం ముగించి ఉంటుంది. ఒకప్పుడు వేటగాళ్ల చేతుల్లో మామూలుగా కనిపించిన తుపాకులు ఒకదాని వెంట ఒకటి నిషేధ జాబితాల్లోకి వెళ్లిపోగా, అందుబాటు ధరలో దొరికి, సాధారణ లైసెన్సుతో అడవికి తీసుకెళ్లగలిగిన సైనిక కార్బైన్లలో చెప్పుకోదగ్గదిగా సోవియట్ కాలపు ఎస్‌కేఎస్ మిగిలింది. ఒంటారియోలో నేను వేటకు వాడుతున్నది కూడా అదే. దట్టమైన అడవిలో, దగ్గరి దూరంలో తెల్లతోక జింకకు అది నమ్మకంగా పనిచేస్తుంది. అయినా వేటకోసమే మొదటి తుపాకీ కొంటున్నవారికి దాన్ని నేను సిఫారసు చేయను. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో వివరించడానికే ఈ సమీక్ష.

కెనడా చట్టం తుపాకులను నాన్-రిస్ట్రిక్టెడ్, రిస్ట్రిక్టెడ్, ప్రొహిబిటెడ్ అని మూడు తరగతులుగా విభజించింది. వేటగాడికి పనికొచ్చేది మొదటి తరగతి మాత్రమే, ఎందుకంటే రిస్ట్రిక్టెడ్ తుపాకీని ప్రధానంగా అనుమతి పొందిన షూటింగ్ రేంజిలోనే పేల్చాలి తప్ప అడవికి తీసుకెళ్లకూడదు. సెంటర్‌ఫైర్ తూటా (అడుగు మధ్యలో కొడితే పేలేది) పేల్చే సెమీ ఆటోమేటిక్ తుపాకీ గొట్టం 470 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉన్నా, మడతపెట్టినప్పుడు మొత్తం పొడవు 660 మిల్లీమీటర్ల కంటే తగ్గినా అది రిస్ట్రిక్టెడ్ తరగతిలోకి పోతుంది. ఏఆర్-15 అనే రైఫిల్ 2020 నిషేధం కన్నా ముందు కూడా రిస్ట్రిక్టెడ్‌గానే ఉండేది కాబట్టి, అమెరికాలోని బంధుమిత్రులు దానితో వేటాడుతున్నారని విని ఇక్కడ దానికోసం వెతకడం వృథా. అసలైన దెబ్బ 2020 మే 1న వచ్చింది. ఆనాటి ఉత్తర్వు దాదాపు 1,500 రకాల తుపాకులను నిషేధించినప్పుడు, అప్పటిదాకా నాన్-రిస్ట్రిక్టెడ్‌గా ఉండి వేటకు విరివిగా ఉపయోగపడిన రూగర్ మినీ-14, ఎం14 కుటుంబానికి చెందిన రైఫిళ్లు కూడా వాటితోపాటే పోయాయి. 2024 డిసెంబర్ 5న మరో 324, 2025 మార్చి 7న ఇంకో 179 రకాలు జాబితాలో చేరాయి. నిబంధనలకు సరిపోయేలా కెనడాలోనే రూపొందించిన డబ్ల్యూకే 180-సీ రైఫిల్ సైతం ఈ నిషేధాలను తప్పించుకోలేకపోయింది. వీటికి తోడు సీ-21 చట్టం 2023 డిసెంబర్ 15 నుంచి కొత్త నిర్వచనాన్ని తెచ్చింది. విడదీయగల మ్యాగజైన్‌తో, మొదట్లో ఆరు లేదా అంతకు మించి తూటాలు పట్టేలా రూపొందిన సెంటర్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను ఆ తేదీ తర్వాత రూపొందించి తయారుచేస్తే అది పుట్టుకతోనే నిషిద్ధం. అందువల్ల ఖాళీ అయిన స్థానంలోకి కొత్త నమూనాలు వస్తాయని ఎదురుచూడటంలో అర్థం లేదు.

ఎస్‌కేఎస్ ఆ జాబితాల్లో చేరలేదు. అది ఆదివాసీ సముదాయాల్లో జీవనాధారమైన వేటకు విస్తృతంగా వాడుకలో ఉన్నందున దాని విషయంలో ప్రత్యేకంగా సంప్రదింపులు, నిపుణుల పరిశీలన జరపాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఈ పరిశీలన ఉందన్న సంగతిని కొనుగోలుదారు తేలిగ్గా తీసుకోకూడదు. నిషేధం వచ్చిన తుపాకులకు పరిహార పథకం, క్షమాభిక్ష గడువు ప్రకటించారన్నది నిజమే కాని, ఆ గడువులో యజమాని తుపాకీని భద్రంగా తాళం వేసి ఉంచడమే తప్ప దానితో వేటకు వెళ్లే వీలుండదు. రాజ్యాంగబద్ధమైన హక్కుతో వేటాడే ఆదివాసులకూ, పొట్టకూటికి వేటపై ఆధారపడినవారికీ మాత్రమే అక్కడ మినహాయింపు ఉంది. కాబట్టి డబ్బు కట్టే రోజునే ఆర్‌సీఎంపీ (కెనడా సమాఖ్య పోలీసు దళం) నిర్వహించే ఫైర్ఆర్మ్స్ రిఫరెన్స్ టేబుల్‌లో తాము కొంటున్న ఖచ్చితమైన నమూనా ఏ తరగతిలో ఉందో స్వయంగా చూసుకోవాలి. అమ్మేవాడి నోటిమాటను దీనికి ప్రమాణంగా తీసుకోకూడదు.

ఇక తుపాకీ విషయానికి వస్తే, 1945లో సిమొనోవ్ రూపకల్పనగా వచ్చిన ఈ కార్బైన్ బరువు తూటాలు లేకుండా సుమారు 3.85 కిలోలు, పొడవు ఒక మీటరు కంటే కొద్దిగా ఎక్కువ, గొట్టం 520 మిల్లీమీటర్లు. చట్టం విధించిన 470 మిల్లీమీటర్ల గీతకు అది ఏ సవరణా లేకుండానే ఇవతల నిలుస్తుంది. తుపాకీలోనే బిగించి ఉండే మ్యాగజైన్‌లో అసలు పది తూటాలు పడతాయి. కెనడాలో సెంటర్‌ఫైర్ సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు ఐదు తూటాలే పరిమితి కనుక, ఇక్కడ అమ్మే ప్రతి ఎస్‌కేఎస్ మ్యాగజైన్‌లోనూ ఆరో తూటా దిగకుండా పిన్ను లేదా రివెట్ కొట్టి ఉండాలి. ఎవరైనా ఆ పిన్నును పీకేసిన తుపాకీని తెలియక కొన్నా, ఇంట్లో నిషిద్ధ పరికరాన్ని ఉంచుకున్న నేరం చుట్టుకోవచ్చు. వాడిన తుపాకీ కొనేటప్పుడు నేను అన్నిటికంటే ముందు చూసేది ఈ పిన్నునే. వేటకు ఐదు తూటాలు ఎక్కువే గాని తక్కువ కాదు, దీన్ని లోపంగా నేను లెక్కించను.

మంచి గుణాల్లో మొదట చెప్పవలసింది దృఢత్వం. రెండోది, వేటగాళ్లు తగినంతగా గుర్తించని ఒక సౌకర్యం. సాయంత్రం వేట సమయం ముగిసిందంటే మ్యాగజైన్ కింది మూతకున్న గొళ్లాన్ని లాగితే చాలు, లోపలి తూటాలన్నీ ఒకేసారి అరచేతిలోకి జారిపోతాయి. తర్వాత బోల్టును (తూటాను లోపలికి నెట్టి మూసే భాగాన్ని) వెనక్కి లాగి ఛాంబర్‌లో (తూటా పేలే గదిలో) మిగిలిన తూటాను విడిగా తీసి, లోపలికి తొంగిచూసి, వేలితో తడిమి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. చేతి తొడుగులతో, చలికి వేళ్లు మొద్దుబారిన స్థితిలో కూడా ఈ పని తడబాటు లేకుండా సాగుతుంది. ఆఖరి తూటా పేలగానే బోల్టు వెనక్కి నిలిచిపోవడం వల్ల తుపాకీ ఖాళీ అయిన సంగతి పక్కవారికి కూడా దూరం నుంచే కనిపిస్తుంది.

లోపాల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ప్రమాదకరమైనది కూడా. గిడ్డంగుల్లో దశాబ్దాలపాటు నిల్వ ఉన్న ఈ తుపాకులను తుప్పు పట్టకుండా కాస్మోలిన్ అనే చిక్కని గ్రీజుతో నింపి ఉంచారు. అది కాలక్రమంలో ముదురు బెల్లం పాకంలా గట్టిపడి బోల్టు లోపల ఫైరింగ్ పిన్ను (తూటాను కొట్టి పేల్చే సూది) కదిలే గదిని పూడ్చేస్తుంది. ఎస్‌కేఎస్ నమూనాల్లో చాలావాటికి ఫైరింగ్ పిన్ను వెనక్కి నెట్టే స్ప్రింగు ఉండదు, పిన్ను స్వేచ్ఛగా కదులుతూ ఉండాలి. గ్రీజు వల్ల అది ముందుకు పొడుచుకొచ్చి ఇరుక్కుంటే, బోల్టు మూసుకున్న క్షణంలోనే, ట్రిగ్గర్ తాకకుండానే తూటా పేలవచ్చు. అందుకని బోల్టును పూర్తిగా విడదీసి, మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఆరిన తర్వాత చెవి దగ్గర పెట్టి ఊపి చూడాలి. పిన్ను అటూ ఇటూ కదులుతున్న టకటక శబ్దం స్పష్టంగా వినిపించేదాకా దానిలో తూటా పెట్టకూడదు. చలికాలం మొదలయ్యే ముందు ఇదే పరీక్ష మళ్లీ చేయాలి, ఎందుకంటే సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువన మామూలు గ్రీజు కూడా చిక్కబడిపోతుంది. ఈ శుభ్రతకు ఓపిక లేనివారు ఈ తుపాకీని ముట్టుకోకపోవడమే మంచిది.

గురి విషయంలో దీన్ని అతిగా పొగడటం న్యాయం కాదు. వెనుక సైటుపై 1,000 మీటర్ల దాకా గుర్తులు చెక్కి ఉంటాయి గాని, అవి సైనికదళాల అవసరానికి ఉద్దేశించినవి. ట్రిగ్గర్ లాగుడు పొడవుగా, గరుకుగా ఉంటుంది, కాబట్టి రేంజిలో తగినంత అభ్యాసం చేయనివారి గురి తప్పుతుంది. తుపాకీ పైమూత కాస్త వదులుగా కూర్చుంటుంది కనుక దాని మీద బిగించే చవక టెలిస్కోపు మౌంట్లు కొద్ది పేలుళ్లకే గురిని కోల్పోతాయి. పైగా ఖాళీ తొడుగులు పైకి, ముందుకు ఎగిరిపడతాయి. నేను లోహపు సైట్లతోనే వాడుతూ, 100 మీటర్లకు మించి జింకపై కాల్చకూడదని నియమం పెట్టుకున్నాను.

ఈ నియమానికి తూటా కూడా ఒక కారణం. 7.62×39 తూటాలో ఎనిమిది గ్రాముల బుల్లెట్ సుమారు 2,000 జౌళ్ల శక్తితో బయలుదేరుతుంది, అంటే అడవిలో తరతరాలుగా జింకలను పడగొట్టిన .30-30 తూటా కంటే కాస్త తక్కువ. జింకకు ఇది చాలు. మూస్ వంటి భారీ జంతువును దీనితో కాల్చవచ్చా అని అడిగేవారికి నా సమాధానం వద్దనే, ఎందుకంటే గాయపడి పొదల్లోకి వెళ్లి చచ్చే జంతువుకు వేటగాడే జవాబుదారీ. చవగ్గా పెట్టెల్లో దొరికే సైనిక తూటాల గురించి మరింత ఖచ్చితంగా చెప్పాలి. వాటి బుల్లెట్ పూర్తిగా లోహపు పొరతో కప్పి ఉంటుంది కాబట్టి శరీరంలో విచ్చుకోకుండా సూటిగా దూసుకుపోతుంది. బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా వంటి రాష్ట్రాల్లో అలాంటి బుల్లెట్లతో పెద్ద జంతువులను వేటాడటం చట్టవిరుద్ధం. చట్టం పట్టించుకోని చోటైనా అది క్రూరమే. సాఫ్ట్ పాయింట్ (మెత్తని మొనతో శరీరంలో విచ్చుకునే) వేట తూటాలు దుకాణాల్లో దొరుకుతాయి. వాటి ధర ఎక్కువ. అయితే రేంజిలో సైనిక తూటాలతో సాధన చేసినా, వేటకు వెళ్లే ముందు సైట్లను వేట తూటాలతోనే సరిచూసుకోవాలి, ఎందుకంటే రెండింటి తగులు చోటు ఒకటి కాదు.

పాత సైనిక తూటాల ప్రైమర్లలోని (తూటా అడుగున మందును అంటించే భాగంలోని) లవణాలు గాలిలోని తేమను పీల్చుకుని గొట్టాన్నీ, గ్యాస్ పిస్టన్‌నూ తుప్పు పట్టిస్తాయి. నూనె ఆ లవణాలను కరిగించలేదు. పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పూయాలి. గొట్టాన్ని కడిగి గ్యాస్ ట్యూబును మరచిపోయేవారే ఎక్కువ.

ఇదే పనికి బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ బోల్టును చేత్తో లాగాల్సిన) రైఫిల్‌ను పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. టిక్కా టీ3ఎక్స్, శావేజ్ ఆక్సిస్, రూగర్ అమెరికన్ వంటివి .308 వంటి తూటాలో దొరుకుతాయి. అవి టెలిస్కోపును స్థిరంగా మోస్తాయి, జింకతోపాటు మూస్‌కు కూడా సరిపోతాయి. సెమీ ఆటోమేటిక్ తుపాకుల మీద వచ్చిన ఉత్తర్వుల సుడిగుండానికి అవి బయట ఉన్నాయి. ఉత్తర ప్రాంతాల్లో పహరా కాసే కెనడియన్ రేంజర్లు పాత లీ-ఎన్‌ఫీల్డ్‌లను మార్చినప్పుడు సైతం, టిక్కా నమూనాపై ఆధారపడిన సీ19 బోల్ట్ యాక్షన్‌నే ఎంచుకున్నారన్నది గమనించదగ్గది. చలిలో ఒంటరిగా తిరిగేవారికి ఎన్ని తూటాలు వరసగా పేలతాయన్నదాని కన్నా మొదటి తూటా ఎక్కడ తగులుతుందన్నదే ముఖ్యం. ఎస్‌కేఎస్ ఒకప్పుడు 200 డాలర్లకు అటూ ఇటూగా దొరికేది కనుక దాని లోపాలను భరించడం సులువుగా ఉండేది. ఇప్పుడు ఆ ధరలు పోయాయి. నిషేధ భయం కూడా తోడైనప్పుడు, అదే డబ్బుకు కొంచెం జోడించి బోల్ట్ యాక్షన్ కొనడమే వివేకమని నా అభిప్రాయం. చరిత్ర మీద ఆసక్తి ఉండి, దగ్గరి దూరపు వేటే చేసేవారికి, శుభ్రత పట్ల శ్రద్ధ ఉన్నవారికి మాత్రం ఎస్‌కేఎస్ సంతృప్తినిస్తుంది.

ఏది కొన్నా కాగితాల పని తప్పదు. కెనడియన్ ఫైర్ఆర్మ్స్ సేఫ్టీ కోర్సు పూర్తిచేసి పరీక్షలు పాసై, పీఏఎల్ (తుపాకీ కొని, ఉంచుకునే అనుమతి) లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. మొదటిసారి దరఖాస్తు చేసేవారికి కనీసం 28 రోజుల నిరీక్షణ ఉంటుంది. దీనికి పౌరసత్వం తప్పనిసరి కాదు. వేట లైసెన్సూ, వేట శిక్షణా రాష్ట్రాల పరిధిలోనివి, అవి విడిగా సంపాదించుకోవాలి. ఒంటారియో దక్షిణ భాగంలోని కొన్ని వేట విభాగాల్లో జింకకు రైఫిల్ అసలు వాడకూడదు, షాట్‌గన్ వంటివే అనుమతి. కాబట్టి తుపాకీ ఎంచుకునే ముందు తాము వేటాడబోయే విభాగం నిబంధనలు చదవడం అవసరం. క్యూబెక్‌లో ఉండేవారు నాన్-రిస్ట్రిక్టెడ్ తుపాకీని కూడా రాష్ట్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మేటప్పుడు కూడా 2022 మే 18 నుంచి కొనేవారి లైసెన్సును తుపాకుల రిజిస్ట్రార్ ద్వారా సరిచూసి రిఫరెన్స్ నంబరు పొందాలి. ఆ నంబరు చేతికి రానిదే తుపాకీని ఇవ్వకూడదు, తీసుకోకూడదు. పరిచయస్తుడే కదా అని ఈ మెట్టును దాటవేయమనే అమ్మకందారు ఎదురైతే, తుపాకీ ఎంత బాగున్నా ఆ బేరాన్ని అక్కడే వదులుకోవాలి.