ఫిజిక్స్, ఈఈఈ డబుల్ డిగ్రీ ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఇంటర్ ఎంపీసీ అయిపోయి, పిల్లాడికి ఫిజిక్స్ మీద ప్రాణం, ఇంట్లోవాళ్లకు ఇంజనీరింగ్ సీటు కావాలి అనుకునే ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. "బీటెక్ ఈఈఈ, బీఎస్సీ ఫిజిక్స్ రెండూ ఒకేసారి, నాలుగేళ్లలో చేతికి రెండు పట్టాలు" అని ఏ కన్సల్టెన్సీ వాళ్లయినా కాగితం మీద ప్యాకేజీ గీసి చూపిస్తే, అక్కడికక్కడ ఒక్క రూపాయి కూడా కట్టకుండా ఇంటికి వచ్చేయండి. మేం కట్టాం. 1,25,000 రూపాయలు. మా తమ్ముడికి ఆ బీఎస్సీ రాలేదు, ఇక రాదు కూడా.

మా నాన్న లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కిన మనిషికి కొడుకు ఎలక్ట్రికల్ ఇంజనీర్ కావాలని ఉండటంలో వింతేమీ లేదు. వాడికేమో తొమ్మిదో తరగతి నుంచి ఫిజిక్సే లోకం. ఎవరి మనసూ నొప్పించకుండా రెండూ కుదిరితే బాగుండు అనుకుంటూ ఉన్నాం. 2024లో వాడు ఎంసెట్ రాశాడు (పేరు మార్చారు గానీ మా ఇంట్లో ఇంకా ఎంసెట్ అనే అంటాం). అందరూ సీఎస్ఈ వెంట పడుతున్నారు కాబట్టి ఈఈఈ సీటు కన్వీనర్ కోటాలోనే దొరుకుతుందని తెలుసు. వెబ్ ఆప్షన్లు ఎలా పెట్టాలో అడుగుదామని హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. మా కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

అక్కడి ఆయన నాన్నని "అంకుల్" అనీ నన్ను "మేడమ్" అనీ చాలా మర్యాదగా మాట్లాడాడు. "బాబుకి ఫిజిక్స్ ఇష్టమైతే వదులుకోవడం ఎందుకు అంకుల్, ఇప్పుడు గవర్నమెంటే రెండు డిగ్రీలకు పర్మిషన్ ఇచ్చింది, పక్క రాష్ట్రంలోని యూనివర్సిటీ నుంచి డిస్టెన్స్‌లో బీఎస్సీ ఫిజిక్స్ మేం చేయిస్తాం, పరీక్షలు, ప్రాక్టికల్స్ అన్నీ ఇక్కడే మా సెంటర్‌లో" అన్నాడు. ఫీజు ఏడాదికి 30,000 చొప్పున మూడేళ్లకు 90,000, ప్రాసెసింగ్ 35,000. విడివిడిగా కడితే ఇంకా ఎక్కువవుతుంది, ఈరోజే మొత్తం కడితే ఇంతే అన్నాడు. నాన్న తన రిటైర్మెంట్ డబ్బులోంచి కొంత, నేను నా జీతంలో దాచుకున్నది కొంత కలిపి మర్నాడే కట్టేశాం.

ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది కాబట్టే నమ్మాం. 2022 ఏప్రిల్‌లో యూజీసీ (యూనివర్సిటీలను నియంత్రించే కేంద్ర సంస్థ) రెండు కోర్సులు ఒకేసారి చదువుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చిన మాట వాస్తవం. క్లాసుల టైమింగ్స్ ఒకదానికొకటి అడ్డం రాకపోతే రెండూ కాలేజీకి వెళ్లి చదవొచ్చు, లేదా ఒకటి కాలేజీలో ఇంకొకటి దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో చదవొచ్చు. అయితే ఆయన చెప్పకుండా వదిలేసినవి కూడా అందులోనే ఉన్నాయి. ఆ దూరవిద్య కోర్సుకు యూజీసీ గుర్తింపు ఉండాలి. తమ విద్యార్థుల్ని రెండు కోర్సులు ఎలా చదవనివ్వాలో ఆ పద్ధతిని యూనివర్సిటీలు తమ స్థాయిలో ఏర్పాటు చేసుకోవాలని కూడా అందులో ఉంది. అంటే మీ బీటెక్ కాలేజీ, దాని యూనివర్సిటీ ఏమంటాయో మీరు వెళ్లి అడగాల్సిందే. మేం అడగలేదు. కన్సల్టెన్సీ ఆయన "అడిగితే లేనిపోని డౌట్లు పెట్టుకుంటారు మేడమ్, వద్దు" అన్నాడు, మేం తల ఊపాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కొన్ని చోట్ల దీన్ని తిరగేసి కూడా అమ్ముతారట, బీఎస్సీ రెగ్యులర్, ఇంజనీరింగ్ డిస్టెన్స్ అని. దాని జోలికి అసలు వెళ్లకండి. యూజీసీ దూరవిద్య నిబంధనల్లో ఇంజనీరింగ్‌ని దూరవిద్యలోనూ ఆన్‌లైన్‌లోనూ ఇవ్వకూడని కోర్సుల్లో పెట్టారు. సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ అనుమతి లేకుండా కరస్పాండెన్స్‌లో ఇంజనీరింగ్ డిగ్రీలిచ్చిన డీమ్డ్ యూనివర్సిటీల విషయంలో 2017లో సుప్రీంకోర్టు చాలా గట్టిగా తీర్పు ఇచ్చింది, ఏళ్ల కిందట తీసుకున్న పట్టాలు కూడా అప్పుడు చిక్కుల్లో పడ్డాయి.

మొదటి తేడా టీసీ దగ్గర వచ్చింది. ఉన్న ఒక్క టీసీ బీటెక్ కాలేజీలో ఇచ్చేశాం. బీఎస్సీకి ఇంకొకటి కావాలన్నారు. "పోయిందని పోలీస్ స్టేషన్‌లో ఒక కంప్లైంట్ ఇచ్చి డూప్లికేట్ తెచ్చుకోండి, అందరూ చేసేదే" అన్నాడు కన్సల్టెన్సీ ఆయన. నాన్న చచ్చినా ఒప్పుకోలేదు, పోనిదాన్ని పోయిందని నేను స్టేషన్‌లో ఎలా రాసిస్తాను అన్నారు. సరే మేమే చూసుకుంటాం అన్నారు వాళ్లు. ఏం చూసుకున్నారో మాకు ఇప్పటికీ చెప్పలేదు. ఆరోజే డబ్బు వెనక్కి అడిగి ఉండాల్సింది.

అసలు విషయం బయటపెట్టింది మా తమ్ముడే, అది కూడా ఒక ల్యాబ్ రికార్డ్ చూసి. మొదటి ఏడాది ప్రాక్టికల్స్ అని ఒక ఆదివారం పిలిచారు. వెళ్తే ల్యాబ్ లేదు, ప్లాస్టిక్ కుర్చీలున్న ఒక గది, పదిహేను మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఖాళీ రికార్డ్ పుస్తకం, దాంతోపాటు జిరాక్స్ కాగితాలు ఇచ్చి "ఇందులో ఉన్నది ఉన్నట్టు రాసేయండి" అన్నారట. వాడు ఇంటికొచ్చి ఆ కాగితం నా ముందు పెట్టాడు. న్యూటన్ వలయాల ప్రయోగం. గాజు పలక మీద కటకం పెట్టి, సోడియం దీపం పసుపు వెలుగులో మైక్రోస్కోప్‌లోంచి చూస్తే ఒకదాని చుట్టూ ఒకటిగా నల్లటి వలయాలు కనిపిస్తాయి, ఒక్కో వలయం వ్యాసం కొలవాలి, వలయం నంబరుకీ వ్యాసం వర్గానికీ గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది, ఆ రేఖ వాలు నుంచి కాంతి తరంగదైర్ఘ్యం తేల్చాలి. ఇదంతా నాకు వాడే చెప్పాడు, నేను కామర్స్ మనిషిని.

"చూడక్కా, అన్ని పాయింట్లూ గీత మీదే ఉన్నాయి, ఒక్కటి కూడా పక్కకు జరగలేదు. ఆన్సర్ కూడా సరిగ్గా 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు, పుస్తకంలో ఉన్నదే. నిజంగా కొలిస్తే ఇలా రాదక్కా. కాలేజీ ల్యాబ్‌లో సోలార్ సెల్ రీడింగులు తీస్తేనే నాకు గ్రాఫ్ అటూ ఇటూ పోయింది. ఇది ఎవరో లెక్క వెనక నుంచి చేసి రాసింది" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి ముఖం ఇంకా నా కళ్లముందే ఉంది. వాడికి డబ్బు సంగతి కాదు, ఆ పసుపు దీపం చూస్తాననుకుని పొద్దున్నే తలస్నానం చేసి వెళ్లాడు.

అప్పుడు కూర్చుని వెతకడం మొదలుపెట్టాం. దూరవిద్యలో కానీ ఆన్‌లైన్‌లో కానీ చేరేవాళ్లు యూజీసీ దూరవిద్య విభాగం పోర్టల్‌లో తామే డెబ్ ఐడీ (ఆ విభాగం విద్యార్థికి ఇచ్చే గుర్తింపు నంబరు) తీసుకోవాలి, 2024 నుంచి అది తప్పనిసరి. మా వాడిని ఆ ఐడీ ఎవరూ అడగనే లేదు. అడగలేదంటే అడ్మిషన్ సరిగ్గా జరగలేదనే కదా అర్థం. అదే పోర్టల్‌లో ఏ యూనివర్సిటీకి ఏ ఏడాది ఏ కోర్సులకు అనుమతి ఉందో జాబితా ఉంటుంది. ఆ యూనివర్సిటీ పేరు ఉంది గానీ బీఎస్సీ ఫిజిక్స్ లేదు. పైగా దూరవిద్యలో రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రైవేట్ యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి స్టడీ సెంటర్లు పెట్టకూడదు, ఫ్రాంచైజీలు అసలే కుదరవు. ఇవన్నీ అరగంటలో తెలిశాయి. డబ్బు కట్టకముందు ఆ అరగంట మాకు దొరకలేదు.

నిలదీస్తే కన్సల్టెన్సీ వాళ్లు మాట మార్చారు. "అయితే ప్రాక్టికల్స్‌కు యూనివర్సిటీకే పంపిద్దాం" అని పది రోజుల తేదీలు ఇచ్చారు. అవి సరిగ్గా బీటెక్ సెకండ్ మిడ్స్ జరిగే రోజులు. మిడ్స్ పోతే ఇంటర్నల్ మార్కులు పోతాయి, పది రోజులు కాలేజీకి వెళ్లకపోతే అటెండెన్స్ 75 శాతం దాటదు, 65 కన్నా కూడా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్షలు రాయనివ్వరు. వాడు మిడ్సే రాశాడు. ఆ నిర్ణయం వాడిదే, నేను వాడి వైపే ఉన్నాను.

రసీదు గురించి తప్పకుండా చెప్పాలి, ఇది చదివేవాళ్లు కనీసం ఇదొక్కటైనా గుర్తు పెట్టుకోండి. మాకు ఇచ్చిన రసీదు మీద యూనివర్సిటీ పేరు ఎక్కడా లేదు. ఫీజు అన్న మాటే లేదు. "గైడెన్స్ సర్వీస్ చార్జీలు, తిరిగి ఇవ్వబడవు" అని ఉంది, అది కూడా కింద సన్నక్షరాల్లో. డబ్బు పంపింది ఒక మనిషి సొంత ఫోన్ నంబరుకు. యూనివర్సిటీకి ఫోన్ చేసి అడిగితే మా తమ్ముడి పేరు మీద తమకు పైసా రాలేదన్నారు. నిజమైన యూనివర్సిటీ ఫీజు యూనివర్సిటీ ఖాతాకే వెళ్లాలి, రసీదు మీద కోర్సు పేరు, అడ్మిషన్ నంబరు ఉండాలి. మధ్యలో మనిషి ఉంటే ఆపేయండి.

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. కన్సల్టెన్సీ నుంచి "సేవలు అందించాం" అని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు, కాబట్టి ఆ భయంతో ఆగిపోకండి. మోసం జరిగిన రెండేళ్లలోపు వేయాలి, ఇది మాత్రం మరవద్దు. వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకుండా ఉంచడం మాకు చాలా పనికొచ్చింది, "ప్రాక్టికల్స్ మా సెంటర్‌లోనే" అని ఆయన పెట్టిన వాయిస్ మెసేజ్ కూడా ఉంది.

ఇంకో మాట. "సగం సిలబస్ ఒకటే మేడమ్, ఒక చదువుతో రెండూ అయిపోతాయి" అన్నాడు కన్సల్టెన్సీ ఆయన. తమ్ముడిని అడిగాను. మ్యాథ్స్, విద్యుదయస్కాంతత్వం, సెమీకండక్టర్లు కలుస్తాయట. మాక్స్‌వెల్ సమీకరణాలు రెండు చోట్లా అవే. ఆ తర్వాత దారులు వేరు. ఇటు మెషీన్స్, పవర్ సిస్టమ్స్, కంట్రోల్ సిస్టమ్స్, అటు క్లాసికల్ మెకానిక్స్, ఆప్టిక్స్, క్వాంటమ్, థర్మోడైనమిక్స్. రెండు వైపులా ల్యాబులు, రెండు వైపులా రికార్డులు. రెండూ నిజంగా చదవాలంటే ఎంత పట్టుదల ఉన్న పిల్లాడికైనా రోజుకు ఇరవై నాలుగు గంటలే కదా.

నిజంగా రెండూ కావాలంటే సరైన దారులు ఉన్నాయి, అవి మాకు ఆలస్యంగా తెలిశాయి. ఐఐటీ హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ ఫిజిక్స్ పేరుతో బీటెక్కే ఉంది, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ కావాలి. బిట్స్ పిలానీలో, మన శామీర్‌పేట దగ్గరున్న హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా, ఎమ్మెస్సీ ఫిజిక్స్‌లో చేరి మొదటి ఏడాది సీజీపీఏని (గ్రేడ్ల సగటుని) బట్టి రెండో డిగ్రీగా బీఈ తీసుకోవచ్చు, మొత్తం ఐదేళ్లు, రెండూ ఒకే సంస్థ, ఒకే టైమ్‌టేబుల్. కానీ ఈఈఈ వస్తుందో ఇంకో బ్రాంచి వస్తుందో ఆ సీజీపీఏ తేలేదాకా తెలియదు, ఫీజులూ ఎక్కువే. డిగ్రీ కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ రెగ్యులర్‌గా చదివే పిల్లలకు ఐఐటీ మద్రాస్ 2023లో మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ బీఎస్ ఉంది, పాఠాలు ఆన్‌లైన్‌లో, ల్యాబులకు మాత్రం చెన్నై క్యాంపస్‌కు వెళ్లాలి. అది బీటెక్ కాదు, ఆ తేడా తెలుసుకునే చేరాలి. దూరవిద్యలోనే బీఎస్సీ కావాలంటే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో ఉన్నాయి, మధ్యలో ఎవరూ లేకుండా మీరే నేరుగా వాళ్ల వెబ్‌సైట్‌లో చేరొచ్చు. అక్కడ ప్రాక్టికల్స్ నిజంగా చేయాలి, అందుకే ఆ తేదీలు బీటెక్ పరీక్షలతో ఢీకొంటాయా అని ముందే చూసుకోండి. బీటెక్ ఒక్కటే చదివి తర్వాత ఫిజిక్స్ వైపు వెళ్లే దారి కూడా మూసుకుపోలేదు, పీజీ సీట్ల కోసం పెట్టే గేట్ పరీక్షలో ఫిజిక్స్ పేపర్ బీటెక్ పిల్లలూ రాయొచ్చు. మా వాడు ఇప్పుడు దానికే చదువుతున్నాడు. వాళ్ల ఫిజిక్స్ సారు కాలేజీ అయిపోయాక ల్యాబ్ తాళం ఇచ్చి, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండమన్నారు.

మొన్న ఆ వైపు వెళ్తే అదే బిల్డింగ్ మీద కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. పేరు మార్చారు, ఫోన్ నంబర్లు మార్చారు, "డబుల్ డిగ్రీ, పరిమిత సీట్లు" అని ఉంది, కింద మెట్ల దగ్గర చేతిలో ఫైలు పట్టుకుని ఒక పెద్దాయన, పక్కన మనవడో కొడుకో నిలబడి ఉన్నారు. ఆగి వాళ్లతో మాట్లాడాను. పైకి వెళ్లకుండా వెనక్కి తిరిగారు. ఇప్పటికే మొదటి వాయిదా కట్టేసిన ఇళ్లవాళ్లు ఎవరైనా ఉంటే రెండోది కట్టకండి, రసీదు మీద ఏం రాసి ఉందో ఇప్పుడే తీసి చూడండి, మీ పిల్లల్ని డెబ్ ఐడీ ఉందా అని అడగండి. లేదని చెబితే నాకు రాయండి, మేం కేసు ఎలా వేశామో, ఏయే కాగితాలు పెట్టామో అన్నీ చెబుతాను.