ఆరేళ్లు వాడాక మా క్యారవాన్ గురించి: ఒక ఎండరోజు లెక్క

మెల్‌బోర్న్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "క్యారవాన్ కొనొచ్చా అన్నా?" అని. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇల్లే క్యారవాన్. ఒక్కొక్కరికీ విడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, ఆరేళ్ల వాడకం ఒకచోట రాసి పెడుతున్నాను. మాది పదిహేడు అడుగుల సెకండ్ హ్యాండ్ బండి. 2019 చివర్లో కొన్నాం. ఖాళీ బరువు 1750 కిలోలు, సామాను, నీళ్లు అన్నీ కలిపి 2200 దాటకూడదు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పే కష్టాల్లో సగం నా చేతకానితనం వల్ల వచ్చినవే. లాక్‌డౌన్లలో ఇంటి ముందు దుమ్ము పట్టిన రోజులు పోను, దాదాపు 140 రాత్రులు అందులో పడుకున్నాం.

చల్లటి రోజున ఏ క్యారవాన్ అయినా బాగానే ఉంటుంది. అమ్మేచోట ఏసీ వేసి, సోఫా మీద దిండ్లు సర్ది చూపిస్తారు కాబట్టి అక్కడ ఇంకా బాగుంటుంది. దాని సంగతి తేలేది జనవరి ఎండలో, అంటే ఇక్కడి నడివేసవిలో. అందుకే కిందటి జనవరిలో మెల్‌బోర్న్‌కి పడమరగా సముద్రం ఒడ్డునున్న పోర్ట్ క్యాంప్‌బెల్ అనే ఊరి దగ్గర గడిపిన ఒక రోజు గురించి చెబుతాను. బండిలోని మంచీ చెడూ రెండూ ఆ ఒక్కరోజే కనిపించాయి.

ముందు రోడ్డు సంగతి. సముద్రతీరం వెంబడి సాగే గ్రేట్ ఓషన్ రోడ్ మీద క్యారవాన్ తగిలించుకుని మొదటి ఏడాది ఒక్కసారి వెళ్లాను. మళ్లీ ఆ పని చేయలేదు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకంగా 1919లో మొదలుపెట్టి 1932కి పూర్తి చేసిన రోడ్డు అది. కొండ అంచును గునపాలతో, పారలతో చెక్కి వేశారు. కాబట్టి కొండ ఎటు తిరిగితే రోడ్డూ అటే తిరుగుతుంది. వెనకాల ఏడు మీటర్ల ఇల్లు ఊగుతూ వస్తుంటే సముద్రాన్ని చూసేదెవరు? అద్దంలో నా వెనక పేరుకున్న కార్ల వరసను చూడటంతోనే సరిపోయింది. లోర్న్ చేరేసరికి మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

ఇప్పుడు లోపలి దారిన కోలాక్, క్యాంపర్‌డౌన్ మీదుగా, పాడి ఆవుల పొలాల మధ్య నుంచి పోర్ట్ క్యాంప్‌బెల్ వెళ్తాం. క్యారవాన్‌ను అక్కడి పార్కులో, అంటే క్యారవాన్లు నిలుపుకోవడానికి అద్దెకు చోటిచ్చే చోట, విప్పేసి, మర్నాడు వట్టి కారులో సముద్రం పక్కన తిరుగుతాం. క్యారవాన్ ఎందుకు కొన్నామో నాకు తెలిసొచ్చింది దాన్ని లాగని రోజునే.

ఆ ట్రిప్‌లో అమ్మ కూడా ఉంది. మాది రెంటచింతల. వేసవిలో టీవీ వార్తల్లో ఉష్ణోగ్రతల పట్టిక వస్తే మా ఊరు పైవరసలోనే ఉంటుంది. ముందురోజు రాత్రి నేను "రేపు 38 డిగ్రీలమ్మా, ఉత్తరపు గాలి, మధ్యాహ్నం మూడు దాటాక నైరుతి నుంచి చల్లగాలి తిరుగుతుందట" అని ఫోన్‌లో చూసి చెబితే నవ్వింది. "38కి ఇంత హడావుడేంట్రా? మనకి అది ఉగాదికే వస్తుంది."

ఆ సాయంత్రం చేరగానే నేను ఒక తెలివైన పని చేశాననుకున్నాను. మా బండికి తలుపు, పందిరి ఒకవైపు, ఫ్రిజ్ వేడి పోయే జాలీ రెండోవైపు ఉంటాయి. బండి పక్కనుంచి బయటికి లాగి పరిచే గుడ్డ కప్పు అది. ఇక్కడివాళ్లు ఆనింగ్ అంటారు కానీ అమ్మ మొదటిరోజే పందిరి అంది, మాకు అదే అలవాటైంది. మాకిచ్చిన సైట్‌లో బండిని ఎటు తిప్పి పెట్టాలన్నది మన ఇష్టం. ఫ్రిజ్ చల్లగా ఉండాలని ఆ వైపును ఉత్తరానికి తిప్పి పెట్టాను. చిన్నప్పటి నుంచీ ఇంటికి ఉత్తరం వైపు అంటే నీడ కదా! పన్నెండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా, ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడని ఆ క్షణంలో తట్టలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆరున్నరకే అమ్మ పులిహోర కలిపే పనిలో పడింది. రైస్ కుక్కర్ పెట్టింది, మా ఆవిడ టీకి కెటిల్ పెట్టింది, నేను బండి ముందే చల్లబడి ఉంటుందని ఏసీ వేశాను. టప్‌మని అన్నీ ఆగిపోయాయి. క్యారవాన్‌కి పార్కులో వచ్చే కరెంటు 15 ఆంపియర్లు, అంటే సుమారు 3600 వాట్లు. కెటిల్ ఒక్కటే 2400 లాగేస్తుంది. ఏసీకి 1200 పోతే మిగిలింది సున్నా, కుక్కర్‌కి 700 ఎక్కడి నుంచి వస్తాయి? కొనేముందు ఈ కూడిక ఎవరూ చేసి చూపించరు. మా ఇంట్లో ఇప్పుడు నియమం ఏంటంటే, కెటిల్ పెట్టేవాళ్లు ముందు గట్టిగా కేకేసి చెప్పాలి.

బయల్దేరే ముందు ఫోన్‌లో విక్ ఎమర్జెన్సీ యాప్ చూశాను, మా రాష్ట్రంలో అడవి మంటల్లాంటి వాటి హెచ్చరికలు అందులో వస్తాయి. మేము వెళ్లే దారిలో ఆట్‌వే అడవి ఉంది. ఆరోజు అగ్ని ప్రమాదం రేటింగ్ 'హై' అని ఉంది. దానిపైన 'ఎక్స్‌ట్రీమ్', 'కెటస్ట్రాఫిక్' అని ఇంకో రెండు మెట్లున్నాయి. 'ఎక్స్‌ట్రీమ్' కనిపిస్తే మేము అడవివైపు వెళ్లం, పార్కులోనే పేకాట. 2015 క్రిస్మస్ రోజున ఇదే రోడ్డు పక్కనున్న వై రివర్, సెపరేషన్ క్రీక్ ఊళ్లలో 116 ఇళ్లు కాలిపోయాయి. ఈ ఒక్క విషయంలో ఎవరి వెటకారాన్నీ పట్టించుకోను.

మొదట ఆగింది లాక్ ఆర్డ్ గార్జ్. 1878 జూన్ 1న ఆ పేరుగల ఓడ దగ్గర్లోనే రాళ్లకు తగిలి మునిగింది. అందులో ఉన్న 54 మందిలో టామ్ పియర్స్, ఈవా కార్మైకేల్ ఇద్దరే బతికారు. రెండు కొండల మధ్య చిన్న ఇసుక తిన్నె, పొద్దున తొమ్మిదికి ఇంకా చల్లగానే ఉంది. ఈవాకి ఒడ్డు దొరికింది కానీ ఓడలో తనతో ఉన్న ఇంట్లోవాళ్లంతా పోయారని మా అమ్మాయి బోర్డు చదివి చెబితే, అమ్మ చాలాసేపు నీళ్లవైపే చూస్తూ నిలబడింది.

ట్వెల్వ్ అపోసిల్స్ దగ్గరికి వచ్చేసరికి పది దాటింది, ఈగలు కూడా వచ్చేశాయి. ఉత్తరపు గాలి వీస్తే ఇవి ఎక్కడి నుంచో దిగుతాయి, కళ్లలోకి, నోట్లోకి. అమ్మ కొంగు మొహానికి చుట్టుకుని ఒక్క కన్ను మాత్రం బయట పెట్టింది. ఆ ఒంటికంటితోనే సముద్రంలోని సున్నపురాయి స్తంభాలు లెక్కపెట్టి, "పన్నెండు లేవు కదరా" అంది. ఎప్పుడూ లేవు. పేరు పెట్టేనాటికే పన్నెండు కన్నా తక్కువ, 2005 జూలైలో వాటిలో ఒకటి కూలిపోయింది. ముందురోజు సాయంత్రం చూసిన, సముద్రంలోని లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన కూడా అంతే. 1990 జనవరిలో ఒడ్డువైపు కమాను కూలి, అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టర్‌లో తెచ్చారు.

నేనూ మా అమ్మాయీ గిబ్సన్ స్టెప్స్ దిగాం. 86 మెట్లు. దిగేటప్పుడు సరదాగా లెక్కపెట్టాం, ఎక్కేటప్పుడు ఎవరూ లెక్కపెట్టలేదు. పైన కారు దగ్గర అమ్మ చెయ్యి చూపించింది, మోచేతి కింద ఎర్రగా కందిపోయింది. "మన ఎండ ఉడకబెడుతుందిరా, ఇది కాలుస్తోంది" అంది. చర్మాన్ని కాల్చే అతినీలలోహిత కిరణాల కొలత, యూవీ ఇండెక్స్, జనవరిలో ఇక్కడ 11 దాటడం మామూలే. రెంటచింతల లెక్క ఇక్కడ పనికిరాదని అప్పుడు ఒప్పుకుని, మా ఆవిడ ఇచ్చిన సన్‌స్క్రీన్ రాసుకుంది.

తర్వాత అడవి. మెయిట్స్ రెస్ట్ అని అపోలో బేకి కాస్త ముందు వస్తుంది, చెక్కబాట మీద 800 మీటర్ల చిన్న నడక. తాటిచెట్టంత ఫెర్న్‌లు, నాచు పట్టిన మాన్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను ఎండరోజున తీసుకెళ్లడానికి ఈ దారిలో నాకు తెలిసి ఇంతకన్నా మంచి చోటు లేదు. అక్కడే కూర్చుని పులిహోర తిన్నాం. అపోలో బేలో కారు దిగగానే పొయ్యి మూత తీసినట్టు సెగ కొట్టింది. నీళ్లలో కాలు పెడితే మాత్రం ఫ్రిజ్‌లో నీళ్లే. స్నానానికి భద్రమైన చోటని గుర్తుగా పాతిన ఎర్ర, పసుపు జెండాల మధ్య మోకాళ్ల దాకా దిగి, అరుచుకుంటూ బయటికొచ్చాం.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. బయల్దేరినప్పుడు కారులో బయటి ఉష్ణోగ్రత 37 చూపించింది. లేవర్స్ హిల్ దగ్గర 29. ఎత్తు కదా అనుకున్నాను. కిందికి దిగుతుంటే పెరగాల్సింది పోయి 26, 24, ప్రిన్స్‌టౌన్ దగ్గర 20. చెట్లన్నీ మావైపుకి వంగి ఉన్నాయి. నైరుతి గాలి మాకంటే ముందే పోర్ట్ క్యాంప్‌బెల్ చేరిపోయింది. అప్పుడే ఫోన్‌కి సిగ్నల్ వచ్చింది, పార్కు నుంచి ఐదు మిస్డ్ కాల్స్. నేనేమీ అనకముందే మా ఆవిడ అడిగింది, "పందిరి చుట్టావా?"

చుట్టలేదు. పైగా అది దక్షిణానికి తిరిగి ఉంది, గాలికి సరిగ్గా ఎదురుగా నోరు తెరుచుకుని.

వెళ్లేసరికి పందిరి చుట్టి ఉంది, నీలం తాడుతో రెండుచోట్ల బిగించి కట్టి ఉంది. పక్క సైట్‌లోని ముసలాయన, ఇల్లు అమ్మేసి దేశమంతా తిరిగే రకం, తన భార్యతో కలిసి గాలిలోనే దాన్ని పట్టుకుని చుట్టేశాడట. పందిరిని పట్టి నిలిపే కడ్డీ చేతుల్లో ఒకటి మాత్రం అప్పటికే వంగిపోయింది. థాంక్స్ చెబితే, "ఎండరోజు బయటికెళ్తే పందిరి ఎప్పుడూ చుట్టేసి వెళ్లు మేట్" అని తన కుర్చీలోకి వెళ్లిపోయాడు. అమ్మ మిగిలిన పులిహోర డబ్బా పట్టుకెళ్లి ఇచ్చింది.

లోపలికెళ్లి ఫ్రిజ్ తీస్తే 14 డిగ్రీలు. రాత్రి తోడుపెట్టిన పెరుగు పులిసి మూత దగ్గర నురగ కట్టింది. మాది త్రీ-వే ఫ్రిజ్, అంటే గ్యాస్, కరెంటు, కారు బ్యాటరీ మూడింటితోనూ నడుస్తుంది. ఇందులో కంప్రెసర్ ఉండదు. అమ్మోనియా ద్రావణాన్ని వేడి చేసి చల్లదనం పుట్టిస్తుంది, ఆ వేడంతా వెనక జాలీలోంచి బయటికి పోవాలి. జాలీ మీదే రోజంతా ఎండ కొడుతుంటే ఎక్కడికి పోతుంది? తర్వాత జాలీ వెనక కంప్యూటర్‌లో ఉండేలాంటి చిన్న ఫ్యాన్లు రెండు బిగించాను. ఇప్పుడు అదే ఎండలో 7 దాటడం లేదు. కొత్తగా కొనేవాళ్లయితే కొంచెం ఖర్చయినా కంప్రెసర్ ఫ్రిజ్ ఉన్నదే చూసుకోండి. మజ్జిగ లేకుండా ఉండలేని ఇళ్లకి ఈ మాట మరీ ముఖ్యం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పైకప్పు ఏసీ ఈ సైజు బండికి సరిపోతుంది, రాత్రి మోత మాత్రం ఎక్కువ. మంచాలు ఆరేళ్లయినా కుంగలేదు. కప్పు మూలల్లో సీలెంట్ రెండుసార్లు మళ్లీ వేయించాం. పాతబండి కొనేటప్పుడు అల్మరాల లోపలి మూలలు చేత్తో నొక్కి చూడండి, మెత్తగా తగిలితే నీళ్లు దిగుతున్నట్టే. టైర్లు అరగకపోయినా వయసయిపోతాయి, మావి మార్చేశాం. లోపలే బాత్రూం ఉండటం అమ్మలాంటి వాళ్లకి ఎంత సుఖమో చెప్పలేను. రాత్రి రెండింటికి టార్చ్ పట్టుకుని పార్కు చివరిదాకా నడవక్కర్లేదు. నా మట్టుకు, మళ్లీ కొనాల్సి వస్తే ఇదే సైజు కొంటాను.

పందిరికి వంగిన ఆ చెయ్యి మార్చలేదు. విప్పినప్పుడల్లా కిర్రుమంటుంది. మర్నాడు మేము లేచేసరికి ముసలాయన బండి లేదు, కడిగిన డబ్బా మా మెట్టు మీద ఉంది. తాడు తిరిగివ్వడం కుదరలేదు, ఇప్పటికీ ముందు పెట్టెలోనే ఉంది. ఈ జనవరికి కూడా అదే సైట్ బుక్ చేశాం. ఈసారి ఫ్రిజ్ దక్షిణానికి, పందిరి ఉత్తరానికి.