చుట్టాల మధ్య మాట వినపడాలంటే: రిమోట్ మైకా, ఫోన్‌లో అక్షరాలా?

వినికిడి తగ్గినవాళ్లకి పండుగ రోజు ఇంటినిండా చుట్టాలు చేరితే సంతోషంతో పాటు టెన్షన్ కూడా ఉంటుంది. హియరింగ్ ఎయిడ్ పెట్టుకున్నా, నలుగురూ ఒకేసారి మాట్లాడితే మాటలు కలగాపులగమైపోతాయి.

దీనికి ఒక దారి రిమోట్ మైక్, అంటే హియరింగ్ ఎయిడ్‌కి వైర్ లేకుండా మాట పంపే చిన్న మైక్. దాన్ని మాట్లాడేవాళ్లు మెడ దగ్గర తగిలించుకుంటే వాళ్ల గొంతు నేరుగా ఎయిడ్‌లోకి వస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో కూడా దూరం మాటని మింగేస్తుంది. మైక్ నోటి దగ్గరే ఉంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది. పక్కన కూర్చున్న ఒకరిద్దరితో తీరిగ్గా మాట్లాడటానికి నా ఓటు దీనికే, గొంతులోని ఆప్యాయత కూడా చెవికి చేరుతుంది కాబట్టి. కాకపోతే ఖర్చు ఎక్కువ, మీ ఎయిడ్‌కి సరిపడే మోడలే కొనాలి.

రెండో దారి ఫోన్. గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్స్‌క్రైబ్ లాంటి యాప్ మాటల్ని తెరమీద అక్షరాలుగా చూపిస్తుంది. ఉచితం. కానీ ఇద్దరు కలిసి మాట్లాడితే తప్పులు దొర్లుతాయి, చూపు ఫోన్ మీదే ఉండిపోయి ఎదుటివాళ్ల పెదవులు, ముఖం చూడలేం. ఏదో ఒక పేరో, టైమో అందనప్పుడు మాత్రం బాగా అక్కరకొస్తుంది.

ఏది వాడినా ముందు టీవీ ఆపమని అడగండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.